కొమ్ముచెంబు

పాదిరిగారికి సాయంగా ఉండే డీకను నతనయేలుకి వచ్చిన చిక్కు పైకి చూస్తే చిన్నదే. గుడిలో గిన్నె ఒకటి, పేటలు రెండు.

మున్నేటి ఒడ్డున కొండ్రుపాడులో నేతపేట, తోలుపేట పక్కపక్కనే ఉండేవి. మధ్యలో ఒక బండ్లబాట. పెద్ద ఊరివాళ్లు ఈ రెండు పేటల్నీ దూరం పెట్టారు. దూరమైనవాళ్లు ఒకరికొకరు దగ్గరవాలని ఎక్కడా రాసిపెట్టలేదు కదా, నేతపేటవాళ్లు తోలుపేటవాళ్లని మళ్లీ ఇంకాస్త దూరం పెట్టారు.

రెండు పేటలకీ గుడి మాత్రం ఒక్కటే. చాపల మీద అటు వాళ్లు, ఇటు వీళ్లు. పాట దగ్గర పేచీ లేదు, ప్రార్థన దగ్గర పేచీ లేదు. ప్రభువు చివరి భోజనాన్ని తలుచుకుంటూ పంచే సంస్కారపు రొట్టె దగ్గరా లేదు, ఎవరి అరచేతిలో ముక్క వాళ్లది. ద్రాక్షారసం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ ప్రాణసంకటం. ప్రభువు బల్ల మీద గిన్నె ఒక్కటే ఉంటుంది. అందరూ దాన్నే కరుచుకుని తాగాలి. ఎంగిలి అనే మాట పైకి ఎవరూ అనేవారు కాదు. నేతపేట ముందు తాగేది, తోలుపేట తర్వాత తాగేది. ఏళ్ల తరబడి అలాగే నడిచిపోయింది.

ఆ ఏడు ఈస్టరు పండక్కి తోలుపేటకి కొత్తగా వచ్చిన కోడలు తెలియక ముందు వరసలో మోకరించింది. ఆమె తాగిన గిన్నె తన ముందుకు రాగానే నేతపేట పెద్ద యాకోబు లేచి నిలబడ్డాడు. ఆయన నతనయేలుకి సొంత పెదనాన్న. బయటికి నడిచి, మెట్ల దగ్గర విడిచిన చెప్పులు తొడుక్కున్నాడు. పేరుమోసిన కిర్రుచెప్పులవి. తోలుపేటలో కుట్టినవేనని వేరే చెప్పక్కర్లేదు. ఆ చప్పుడు గుడి మెట్ల నుంచి వీధి చివరిదాకా వినపడింది. ఆయన వెనకాలే పేట పేటంతా లేచిపోయింది.

మర్నెల సంస్కారానికి గుడి సగం ఖాళీ.

నతనయేలుకి తిండి సయించలేదు. ఆ వేసవిలో బిషప్పుగారు వచ్చి అతనికి గురువుగా అభిషేకం చెయ్యాల్సి ఉంది. మందని చెదరగొట్టుకున్న కాపరిని చూసి ఆయన ఏమంటారు? అసలు అభిషేకం చేస్తారా? కుర్రవాడు తెలివైనవాడు, చదువుకున్నవాడు, పైగా రెండు పేటల్నీ నిజంగానే ప్రేమించేవాడు. తల బద్దలు కొట్టుకుని చివరికి ఒక ఉపాయం పట్టాడు.

పట్నంలో కంచరి చేత ఇత్తడి కొమ్ముచెంబు ఒకటి చేయించాడు. గిన్నెలోని రసాన్ని అందులోకి ఒంపేవాడు. జనం మోకరించి, తల వంచి, నోటి దగ్గర దోసిలి పట్టేవారు. నతనయేలు పైనుంచి సన్నటి ధారగా పోసేవాడు. చెంబు ఎవరి పెదవికీ తగలదు. ఎవరి ఎంగిలీ ఎవరికీ అంటదు.

నెలకోసారి పట్నం నుంచి బండిలో వచ్చి సంస్కారం జరిపించే ముసలి పాదిరిగారు, "తగువు తీరితే అదే పదివేలు నాయనా" అని ఊరుకున్నారు. ఆయన కష్టం ఆయనది. బల్ల మీద మిగిలిన రసాన్ని పారబొయ్యకూడదు, గుడి దాటించకూడదు, ఆరాధన కాగానే గురువే తాగెయ్యాలి. అంతమంది పెదవులు తగిలిన గిన్నె అడుగు తాగాల్సి వచ్చే ఆయనకి కూడా ఈ చెంబుతో కాస్త ఊపిరి ఆడింది.

నేతపేట తిరిగి వచ్చింది. యాకోబు చెప్పులు కిర్రుమంటూ వచ్చి మెట్ల దగ్గర ఆగాయి. తోలుపేట కూడా వచ్చింది. ఒక్క రాహేలమ్మ తప్ప. ఆవిడ గుడికి వచ్చేది, వెనక స్తంభానికి ఆనుకుని కూర్చునేది, బల్ల దగ్గరికి మాత్రం లేచేది కాదు. 'ముసలావిడ, మొండి' అనుకున్నాడు నతనయేలు. నిండిన గుడిలో ఒక్క మనిషి లోటు అతనికి పెద్దగా కనిపించలేదు.

బిషప్పుగారి పేరు హార్ట్‌వెల్. ఆ పేరుకి నోరు తిరక్క జనం ఆయన్ని నడకయ్యగారు అనేవారు. ఆ సీమకి ఆయనే మొదటి బిషప్పు. ఆయన ఓడ దిగిన నాటికి ఈ చుట్టుపట్ల గుడీ లేదు, బడీ లేదు. ఎండల్లో నడిచి, వానల్లో తడిసి, చలిజ్వరాలు పడి, భార్యని ఈ మట్టిలోనే పూడ్చుకుని, ఊరూరా తిరిగి అన్నీ మొదలుపెట్టినవాడాయన. తన దేశంలో పంతులు దగ్గర నేర్చుకుని వచ్చిన గ్రాంథికమంతా సముద్రం పాలైందనీ, తనకి మిగిలింది పేటల్లో నేర్చుకున్న తెలుగేననీ నవ్వుతూ చెప్పేవారు.

తొలి రోజుల్లో ఒకసారి ఆయన జ్వరంతో తోలుపేట తంగేడు పొదల దగ్గర పడిపోయారట. అప్పటికి పడుచుపిల్ల రాహేలమ్మ చూసింది. చేతిలో ముంత ఉంది, ముంతలో నీళ్లున్నాయి, ఇవ్వాలంటే భయం. తన ముంత అంతకుముందు ఏ పరాయివాడి నోటికీ అందలేదు. "మా ముంతయ్యా ఇది" అంటుంటే దొర రెండు చేతులా లాక్కుని, కరుచుకుని, గటగటా తాగేశాడు. రాహేలమ్మ ఆ సీమలో మొదటి విశ్వాసి అయింది. నతనయేలు ఆ కథ వింటూ పెరిగాడు. కాకపోతే అది జ్వరం కథ అనుకున్నాడు. ముంత కథ అని ఏనాడూ అనుకోలేదు.

గుడిలోకి రాగానే బూట్లు విప్పి మెట్ల దగ్గర పెట్టిన మొదటి దొర ఆయనే. బెంచీలు తీసేయించి చాపలు వేయించారు. డప్పు మీద కీర్తన పాడించారు. "ఈ నేల పద్ధతిలో దేవుణ్ణి కొలవండి, నా దేశం పద్ధతి నాతో పోతుంది" అని శిష్యులకి చెప్పేవారు. ఆ శిష్యుల్లో ఒకడైన నతనయేలుకి అందుకే ధైర్యం. కొమ్ముచెంబు కన్నా ఈ నేల పద్ధతి ఇంకేముంది? గురువు చూస్తే మురిసిపోతారనుకున్నాడు.

ఎండలు మండుతుండగా బిషప్పుగారు వచ్చారు. గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. పాదాలు బీటలు వారాయి. నతనయేలు ఆయన కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, ఆయన ఇంకా తుడుచుకుంటూ ఉండగానే చెంబు తెచ్చి చేతిలో పెట్టాడు. జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

ఆయన చెంబుని అటూ ఇటూ తిప్పి చూశారు. కొమ్ముని వేలితో నిమిరారు.

"మంచి పనితనం" అన్నారు. "అందరూ వస్తున్నారా?"

"వస్తున్నారయ్యగారూ. ఒక్క ముసలమ్మ తప్ప."

"ఎవరు?"

"రాహేలమ్మ."

బిషప్పుగారు చెంబుని నెమ్మదిగా కింద పెట్టారు.  మర్నాడు పొద్దెక్కాక, "పద, ఆమెను చూసొద్దాం" అన్నారు.

రాహేలమ్మ గుడిసె ముందు నీడలో కూర్చుని తోళ్లు పదును చెయ్యడానికి తంగేడు చెక్క దంచుతోంది. దొరని చూడగానే బోసినోరు విప్పి నవ్వింది. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయారు. పాత స్నేహం అలాంటిది, మాట్లాడుకోవాలన్న తొందర ఉండదు.

"బల్ల కాడికి రావడం లేదంట?" అన్నారాయన.

"గుడికొత్తన్నా గదయ్యా" అంటూ ఆవిడ మళ్లీ రోకలి అందుకుంది.

"బల్ల కాడికి?"

ఆవిడ రోకలి పక్కన పెట్టింది. నతనయేలు వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "చేతులు వణుకుతున్నయి నాయనా. దోసిలి నిలవట్లా. అంత పవిత్రమైంది ఒలికిపోతే పాపం గాదా?"

'నేను అనుకున్నదే. పాపం, ముసలితనం' అనుకున్నాడు నతనయేలు. ఆవిడకి కొంచెం కొంచెంగా పోస్తే సరిపోతుందని అక్కడికక్కడే మనసులో తీర్మానించేసుకున్నాడు కూడా. బిషప్పుగారు మాత్రం ఆవిడ చేతుల వంక చూశారు. అంత బరువు రోకలితో ఒక్క పోటు తప్పకుండా దంచిన చేతులవి.

తిరిగి వస్తుంటే ఎండ నడినెత్తికొచ్చింది. దారిలో నేతపేట బావి. వేసవిలో తోలుపేట బావి ఎండిపోతే వాళ్లు ఇక్కడికే రావాలి. రావచ్చు గానీ గట్టెక్కకూడదు, చేద ముట్టుకోకూడదు. ఎవరైనా తోడి పోసేదాకా కింద కూర్చుని ఉండాలి. ఆ వేళ కూడా నలుగురైదుగురు ఆడవాళ్లు కుండలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"దాహంగా ఉంది" అన్నారు బిషప్పుగారు.

నతనయేలు ఒక్క ఉరుకున గట్టెక్కి నీళ్లు తోడాడు. పక్క ఇంటి నుంచి చెంబు తెప్పించబోతూ వెనక్కి చూసేసరికి ఆయన గట్టు దగ్గర లేరు. ఆ ఆడవాళ్ల సరసన నేల మీద గొంతుకూచుని ఉన్నారు.

"అయ్యగారూ, అక్కడేంటి! పైకి రండి, చెంబు తెస్తాను."

"చెంబు వద్దు. పొయ్యి."

ఆయన తల వంచి దోసిలి పట్టారు.

ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేతపేట గుమ్మాల్లో మనుషులు నిలబడిపోయారు. నతనయేలుకి చేతులాడలేదు. కానీ గురువు దోసిలి పట్టి ఉన్నాడు, పొయ్యక తప్పదు. గట్టు మీద నుంచి చేద వంచి పోశాడు. నీళ్లు దోసిట్లో పడి సగం నోట్లోకి, సగం మోచేతుల మీదుగా కారాయి. గడ్డం తడిసింది, తెల్లటి అంగీ బురదైంది. ఆయన తల ఎత్తలేదు.

"ఇంకొంచెం" అన్నారు.

అతను మళ్లీ పోశాడు. వంగిన ఆ మెడ మీద ఎండ పడుతోంది. ఆ మెడని చూస్తుంటే నతనయేలుకి ఇంకో మెడ గుర్తొచ్చింది. పెద్ద ఊరి చెరువు గట్టున, బట్టల మూట పక్కన పెట్టి, ఇలాగే గొంతుకూచుని దోసిలి పట్టిన తండ్రి మెడ. పక్కనే యాకోబు పెదనాన్న మెడ. పైనుంచి పోస్తున్న జీతగాడు ఎవరితోనో కబుర్లు చెబుతూ నీళ్లన్నీ వాళ్ల తలల మీద పోశాడు. తండ్రి ఏమీ అనలేదు. ఇంటికి వచ్చేదాకా కొడుకు వైపు కూడా చూడలేదు.

 తాడు జారి చేద గట్టుకి కొట్టుకుంది.

బిషప్పుగారు అంగీతో మూతి తుడుచుకుని లేచారు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ మాత్రం ఉంది.

"దాహం తీరింది నతనయేలూ. నీ మొహం మాత్రం కనిపించలేదు."



బావి దగ్గర సంగతి నేతపేటంతా పాకింది. సాయంత్రానికి కిర్రుచెప్పులు నతనయేలు గుమ్మం ముందు ఆగాయి.

"అబ్బాయ్" అన్నాడు యాకోబు, లోపలికి రాకుండానే. "దొర గారు దొర. ఏం చేసినా చెల్లుద్ది. రేపు ఎల్లిపోతాడు. నువ్వు ఈడ బతకాల్సినోడివి. చెంబు ఉంది, చక్కగా నడుస్తంది. దాన్ని పక్కన బెట్టావో, మేం లేచిపోతాం. నా తమ్ముడి కొడుకువని గూడా చూడను."

"పెదనాన్నా, చెరువు కాడ నాన్నా నువ్వూ..."

"ఆ ఊసెత్తకు" అన్నాడు యాకోబు. ఆయన మొహం నల్లబడింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

నతనయేలు గురువు దగ్గరికి వెళ్లాడు. ఆయన అరుగు మీద కూర్చుని పాదాల పగుళ్లకి ఆముదం రాసుకుంటున్నారు.

"అయ్యగారూ, నాకు అర్హత లేదు. రేపటి అభిషేకం ఆపెయ్యండి. గిన్నె ఎత్తితే మావాళ్లు పోతారు. చెంబు ఎత్తితే... ఎత్తలేను."

బిషప్పుగారు రెండో పాదానికి కూడా తాపీగా ఆముదం రాసుకున్నారు.

"గిన్నె తోమావా?" అని అడిగారు.

నతనయేలు లోపలికి వెళ్లి పెట్టె తెరిచాడు. వాడకం లేక వెండి గిన్నె నల్లబడిపోయింది. పెరట్లో కూర్చుని కుంకుడు రసంతో దాన్ని తోముతూ, తన కళ్ల నీళ్లు ఆ రసంలో పడుతున్నా తుడుచుకోలేదు.

ఆదివారం గుడి కిటకిటలాడింది. బిషప్పుగారు నతనయేలు తల మీద చేతులుంచి అతన్ని గురువుని చేశారు. తర్వాత బల్ల సిద్ధమైంది. వెండి గిన్నె నిండా ద్రాక్షారసం, పక్కనే ఖాళీ కొమ్ముచెంబు. ఆ రెండూ అక్కడ పెట్టింది బిషప్పుగారే. ఏది ఎత్తమనీ ఆయన చెప్పలేదు.

నతనయేలు గిన్నె ఎత్తాడు.

చాపల మీద చిన్న కదలిక. ముందు వరసలో యాకోబు గొంతు సవరించుకున్నాడు. వెనక స్తంభం దగ్గర రాహేలమ్మ ఆ గిన్నెని చూసింది. కర్ర పట్టుకుని లేచింది. మెల్లగా నడిచి వచ్చి, తనకి అలవాటైన చోట, వరస చిట్టచివర మోకరించింది.

ఆనవాయితీ ప్రకారం కొత్త గురువు ముందు తాగాలి. నతనయేలు తాగలేదు. ఎప్పుడూ మొదలుపెట్టే చివర నుంచి కాకుండా ఆవిడ ఉన్న చివరికి నడిచాడు. ఆవిడ తల వంచి, పెదవుల దగ్గర దోసిలి పట్టుకుని ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు, గిన్నె వచ్చినంత మాత్రాన ఎక్కడికి పోతుంది?

"అవ్వా" అన్నాడు నతనయేలు. "తలెత్తు."

ఆవిడ తలెత్తింది. అతని మొహం చూసింది. అతను గిన్నెని ఆవిడ చేతుల్లో పెట్టాడు. ఆ చేతులు వణకలేదు. కరుచుకుని తాగి, గిన్నె తిరిగి ఇచ్చింది.

గుడ్డతో అంచు తుడవాలి. తుడవలేదు. గిన్నెని తిప్పి రెండో వైపు పట్టుకోవచ్చు. తిప్పలేదు. ఆవిడ తాగిన చోటే పెదవులు పెట్టి తాను తాగాడు.

యాకోబు లేచాడు. ఆయన వెనక ఒకరు, ఇద్దరు, తర్వాత గుంపులు గుంపులుగా. చూస్తుండగానే అటువైపు చాపలు బోసిపోయాయి. నేతపేట నుంచి చంకలో పసిబిడ్డతో ఒక తల్లి మాత్రం లేవలేక, కూర్చోలేక కాసేపు అవస్థపడి, ఏమనుకుందో ఏమో ముందుకి వచ్చి మోకరించింది. ఇంకో ముసలాయన వచ్చాడు. అంతే. మిగిలినవాళ్లంతా తోలుపేటవాళ్లే.

నతనయేలు ఒక్కొక్కరి ముందూ ఆగి, ఒక్కొక్కరి మొహం చూస్తూ గిన్నె అందించాడు. ఆఖరి మనిషి కూడా తాగాక బల్ల దగ్గరికి తిరిగి వచ్చాడు. గుడి నిండా జనానికని పోసిన రసం, గిన్నెలో సగానికి సగం అలాగే ఉంది. దాన్ని చూడగానే గుండె చెరువైంది. గురువుగా తొలిరోజునే ఇంత మిగిల్చాడు.

చివరి కీర్తన అయిపోయింది. మిగిలింది తాగి గిన్నె కడగాలి, అది గురువు పని. నతనయేలు కళ్లు మూసుకుని గిన్నెని నోటి దగ్గరికి ఎత్తాడు.

గిన్నె మీద ఒక చెయ్యి పడింది. బిషప్పుగారు గుమ్మం వైపు తిరగనైనా లేదు. తల కొంచెం పక్కకి వంచి, ఏదో వింటున్నారు.

"ఆగు నాయనా" అన్నారాయన. "మెట్ల దగ్గర నుంచి వెళ్లిపోయే కిర్రుచెప్పుల చప్పుడు నాకింకా వినపడలేదు."